కనుబొమ్మల మధ్య 11

నా రెండు కనుబొమ్మల మధ్య నిలువుగా రెండు గీతలుంటాయి, పక్కపక్కన రాసిన రెండు ఒకట్లలా. స్కిన్ క్లినిక్‌లలో వీటిని ‘ఎలెవెన్స్’ అంటారని ఈమధ్యే తెలిసింది. మా టీమ్ కుర్రాళ్లకి ఆ మాట తెలీదు. అందుకని వాళ్లు నాకు ‘హెడ్‌మిస్ట్రెస్’ అని పేరు పెట్టుకున్నారు.

కారణం సింపుల్. ఎవరైనా చెప్పేది శ్రద్ధగా వింటుంటే నా బొమలు ముడిపడతాయి. వీడియో కాల్‌లో అది కోపంలా కనిపిస్తుంది. పాపం మాట్లాడేవాళ్లు మధ్యలో ఆగిపోయి, "మేడమ్, ఏమైనా తప్పు చెప్పానా?" అంటారు. ఏం లేదు నాయనా, వింటున్నాను, చెప్పు అంటాను. ఆ ‘చెప్పు’ అనేటప్పుడు కూడా ముడి అలాగే ఉంటుంది. కాల్‌లో మన ముఖం మనకే చిన్న డబ్బాలో కనిపిస్తూ ఉంటుంది కదా, రోజుకి నాలుగు గంటలు ఆ డబ్బా చూసుకుంటే ఎవరికైనా ఏదో ఒకటి అనిపిస్తుంది.

కిందటేడు అప్రైజల్‌లో మా మేనేజర్ ఒక మాట రాశారు: పని బాగుంది, కానీ కాస్త అప్రోచబుల్‌గా కనిపించాలి. అదే టీమ్‌లో నాకంటే లోతైన గీతలున్న మగాళ్లు ఇద్దరున్నారు. వాళ్ల గురించి అందరూ అనేది, ‘చాలా సీరియస్ పర్సన్’ అని, మెచ్చుకుంటూ. ఈ లెక్క అన్యాయమని నాకు తెలుసు. తెలిసినా సరే, ఆ రాత్రి అద్దం ముందు నిలబడి రెండు వేళ్లతో ఆ చర్మాన్ని పక్కకి లాగి చూసుకున్నాను. బాగానే ఉంది అనిపించింది. ఇక్కడ నిజమే రాస్తాను, బాగానే అనిపించింది.

నాకు 36 ఏళ్లు. ఊరు గుడివాడ. వారమంతా మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, శని ఆదివారాలు మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ హాల్లో పద్నాలుగు మంది పిల్లలకి కూచిపూడి నేర్పుతాను. ఏ ఇంజెక్షన్ అన్న ప్రశ్న అందరికీ ఒకలాగే వస్తుంది గానీ, నాకు మాత్రం ఆ శని ఆదివారాల వల్ల అది చాలా మెలికలు తిరిగింది.

ముందు మా రోడ్డు చివర ఉన్న బ్యూటీ క్లినిక్‌కి వెళ్లాను. గాజు తలుపులు, చల్లటి ఏసీ, గ్రీన్ టీ. కౌంటర్లో అమ్మాయి నా ముఖం చూసీ చూడగానే, "బోటాక్స్ ప్లస్ ఫిల్లర్ కాంబో చేయించుకోండి మేడమ్, ఈ నెల ఆఫర్" అంది.

ఏ కంపెనీది అని అడిగాను. "ఇంపోర్టెడ్ మేడమ్."

ఎన్ని యూనిట్లు ఇస్తారు? "మాది ఏరియా లెక్క మేడమ్, యూనిట్లు మీకెందుకు?"

ఇంజెక్షన్ ఎవరు చేస్తారు? "మా సిస్టర్‌కి పదేళ్ల ఎక్స్‌పీరియెన్స్ మేడమ్."

టెస్టింగ్ ఉద్యోగం చేసేదాన్ని. మూడు ప్రశ్నలకి మూడూ ఫెయిల్ అయితే బిల్డ్ వెనక్కి పంపడమే అలవాటు. గ్రీన్ టీ మాత్రం తాగి వచ్చేశాను.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్లో చెప్తే ఇంకో యుద్ధం. "ముఖానికి విషం పొడిపించుకుంటావటే? బుద్ధుందా నీకు?" అంది. విషం అన్నమాట అబద్ధం కాదు. జర్మనీలో జస్టినస్ కెర్నర్ అని ఒక డాక్టర్, కవి కూడా, 1820ల్లో పాడైపోయిన సాసేజ్‌లు తిని చచ్చుబడిపోయినవాళ్ల గురించి వివరంగా రాశాడు. లాటిన్‌లో సాసేజ్‌ని బొటులస్ అంటారు. బొటులినమ్ అన్న పేరు అక్కణ్నుంచి వచ్చిందే. మనిషికి తెలిసిన విషాల్లో అతి ఘాటైనవాటిలో అదొకటి. ఇంజెక్షన్‌లో ఇచ్చేది దాన్ని శుద్ధి చేసి, ఊహకందనంత తక్కువ మోతాదుకి తెచ్చినది.

కానీ ఈ మందుని మొదట కనిపెట్టింది అందం కోసం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆలన్ స్కాట్ అనే కంటి డాక్టర్ దాన్ని మెల్లకన్ను సరిచేయడానికి వాడాడు. 1989లో అమెరికా ఎఫ్‌డీఏ ఇచ్చిన మొదటి అనుమతి మెల్లకన్నుకి, కంటిరెప్పలు వాటంతటవే బిగుసుకుపోయే జబ్బుకి. కెనడాలోని వాంకోవర్‌లో జీన్ కారూథర్స్ అనే కంటి డాక్టర్ దగ్గర అలాంటి రోగులు ఇంజెక్షన్ తీసుకుంటూ ఉంటే, వాళ్ల బొమల మధ్య గీతలు కూడా పోవడం ఆవిడ గమనించింది. భర్త అలస్టెయిర్ స్కిన్ డాక్టర్. ఇద్దరూ కలిసి 1992లో ఆ సంగతి వైద్య పత్రికలో ప్రచురించారు. బొమల మధ్య గీతలకి ఎఫ్‌డీఏ అనుమతి 2002లో వచ్చింది. అంటే నా 11 మీదే ఈ వ్యాపారమంతా మొదలైందన్నమాట.

అమ్మకి ఈ చరిత్రంతా అక్కర్లేదు గానీ ఒక్క విషయం గుర్తుచేశాను. విజయవాడలో మా మావయ్యకి సరిగ్గా ఆ రెప్పల జబ్బే. ఉన్నట్టుండి కళ్లు గట్టిగా మూసుకుపోతాయి, బండి నడపడం మానేశాడు. మూడు నాలుగు నెలలకోసారి కంటి ఆసుపత్రిలో ఆయనకి ఇచ్చేది ఇదే మందు. అమ్మే ఆయనకి తోడు వెళ్తుంది. అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "అది జబ్బుకి, ఇది సోకుకి" అంది. మా అమ్మతో వాదన గెలవడం ఎవరివల్లా కాదు.

తర్వాత ఎండీ డెర్మటాలజీ చేసిన డాక్టర్ కోసం వెతికాను. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో డాక్టర్ల రిజిస్టర్ ఉంటుంది, పేరు కొట్టి చూసుకోవచ్చు. రెండు నిమిషాల పని. మనం రెస్టారెంట్ రేటింగ్ చూడ్డానికి పెట్టే టైమ్ కంటే తక్కువ.

ఆవిడకి యాభై దాటి ఉంటాయి. చేతి అద్దం ఇచ్చి, "కోపంగా చూడమ్మా" అన్నారు. చూశాను. "అబ్బో" అన్నారు. "ఇప్పుడు వదిలెయ్." వదిలేశాను. కుడివైపు గీత పోయింది. ఎడమవైపు గీత పల్చగా మిగిలింది.

"పట్టుచీర ఉందనుకో" అన్నారు ఆవిడ. "కట్టుకున్నప్పుడు పడే ముడతలు విప్పి దులిపితే పోతాయి. బీరువాలో ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంచితే మాత్రం, విప్పినా ఆ గీత ఉండిపోతుంది. నీకు కుడివైపుది మొదటి రకం, ఎడమది ఇప్పుడిప్పుడే రెండో రకంలోకి వెళ్తోంది."

నాకు అప్పటిదాకా తెలియని ముక్క ఇదే. బోటాక్స్, ఫిల్లర్ అని ఒకే గాటన కట్టేసి మాట్లాడతాం గానీ ఆ రెండింటికీ సంబంధమే లేదు. బొటులినమ్ మందు గీతని ముట్టుకోదు, దాని కింద ఉన్న కండరాన్ని పడుకోబెడుతుంది. నరం చివర నుంచి కండరానికి ‘ముడుచుకో’ అని ఆర్డర్ తీసుకెళ్లే ఎసిటైల్‌కొలీన్ అనే పదార్థం విడుదల కాకుండా అడ్డుకుంటుంది. ఆర్డర్ రాదు కాబట్టి కండరం కదలదు, కదలదు కాబట్టి చర్మం మడత పడదు. ఫిల్లర్ అలా కాదు. అది చర్మం కింద నింపే జెల్. ఎక్కువగా వాడేది హయలురోనిక్ యాసిడ్, మన చర్మంలో, కీళ్లలో సహజంగా ఉండేదే. ముక్కు పక్కనుంచి పెదవి చివర దాకా దిగే గీతలకి, పల్చబడిన బుగ్గలకి అది పనికొస్తుంది. కండరం చేసే గీతకి మొదటిది, గుంటకి రెండోది.

"మరి ఎడమవైపు మిగిలే గీతకి ఫిల్లర్ వేస్తే?" అని అడిగాను, ఆ కాంబో ఆఫర్ మనసులో ఉంది కదా.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. బొమల మధ్య రక్తనాళాలు సన్నగా ఉంటాయి, వాటికీ కంటికి రక్తం అందించే నాళాలకీ సంబంధం ఉంది. జెల్ పొరపాటున నాళంలోకి వెళ్తే రక్తం ఆగిపోతుంది. అక్కడి చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. ఫిల్లర్‌తో ఇలాంటి ప్రమాదం ఎక్కువుండే చోట్లలో బొమల మధ్య ఒకటి. "నేను అక్కడ వేయను" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. ఒక డాక్టర్ ‘నేను చేయను’ అన్నప్పుడు నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది. ఆ గాజు తలుపుల చోట ఎవరూ ఏదీ చేయమనలేదు.

ఇక్కడో చిత్రం ఉంది. హయలురోనిక్ ఫిల్లర్‌కి విరుగుడుంది. హయలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఎక్కిస్తే ఆ జెల్ కరిగిపోతుంది. నచ్చకపోయినా కరిగించుకోవచ్చు. బొటులినమ్‌కి అలాంటిది లేదు, ఒకసారి పని మొదలుపెట్టాక దాని ప్రభావం తగ్గేదాకా ఆగాల్సిందే. కాబట్టి ఫిల్లరే సేఫ్ అనిపిస్తుంది వినగానే. కానీ కంటికి రక్తం ఆగితే, విరుగుడు తెచ్చేదాకా కన్ను ఆగదు. విరుగుడు ఉన్నదాంతో జరిగే నష్టం శాశ్వతం కావచ్చు, విరుగుడు లేనిదేమో కొన్ని నెలల్లో దానంతటదే పోతుంది. ఆ రోజు క్లినిక్ నుంచి వస్తూ మెట్రోలో దీని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఎదురుగా కూర్చున్నావిడ, తనని చూసి చిరాకు పడుతున్నాననుకుని బ్యాగు సర్దుకుంది.

సరే, ఫిల్లర్ కాదు. మరి బొటులినమ్‌లో ఏది? బోటాక్స్ అనేది ఒక బ్రాండ్ పేరు, మనం జిరాక్స్ అన్నట్టు అన్నిటికీ అదే వాడేస్తాం. డిస్‌పోర్ట్ ఉంది, జియోమిన్ ఉంది. అమెరికాలో ఇదే గీతలకి డిస్‌పోర్ట్‌కి 2009లో, జియోమిన్‌కి 2011లో, కొరియాలో తయారయ్యే జువోకి 2019లో అనుమతి వచ్చింది. 2022లో వచ్చిన డాక్సిఫై వీటికంటే ఎక్కువ కాలం పనిచేస్తుంది.

వీటిలో జనం బోల్తా పడేది యూనిట్ల దగ్గర. బొమల మధ్య గీతలకి బోటాక్స్ అయితే 20 యూనిట్లు, జియోమిన్ అయినా 20, డిస్‌పోర్ట్ అయితే 50, డాక్సిఫై అయితే 40. ఒక కంపెనీ యూనిట్ ఇంకో కంపెనీ యూనిట్‌తో సమానం కాదు, పాత శేరుకీ ఇప్పటి కిలోకీ ఉన్నంత తేడా. ‘మా దగ్గర యూనిట్ 130 మాత్రమే’ అని బోర్డు చూస్తే చవక అనిపిస్తుంది. నన్నడిగింది బోటాక్స్‌కి యూనిట్ 350, అంటే 7,000. డిస్‌పోర్ట్ 130 చొప్పున 50 అంటే 6,500. తేడా ఒక బిర్యానీ పార్టీ. కాబట్టి యూనిట్ రేటు అడగొద్దు, ‘నా గీతలకి మొత్తం ఎంత, ఏ మందు, ఎన్ని యూనిట్లు’ అని అడగండి.

మిగతా తేడాలు చిన్నవి, కానీ కొందరికి అవే ముఖ్యం. డిస్‌పోర్ట్‌లో ఆవుపాల ప్రోటీన్ జాడలు ఉండొచ్చు, ఆ అలర్జీ ఉన్నవాళ్లు తీసుకోకూడదు. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చే లాక్టోజ్ బాధ వేరు, ఇది వేరు. జియోమిన్‌లో మందుకి తోడుగా ఉండే అదనపు ప్రోటీన్లు తీసేస్తారు. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, మయస్థీనియా లాంటి నరాలు కండరాల జబ్బులున్నవాళ్లకి ఇవేవీ వద్దంటారు. ఇంజెక్షన్‌కీ ఇంజెక్షన్‌కీ మధ్య కనీసం మూడు నెలలు ఉండాలి. తొందరపడి మళ్లీ మళ్లీ ఎక్కించుకుంటే ఒంట్లో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారై మందు పనిచేయడం మానేసే అవకాశం ఉంది.

డాలస్‌లో మా పెద్దమ్మ కూతురు ఉంది. నాలుగేళ్లుగా ఈ ఇంజెక్షన్లు తీసుకుంటోంది. ఆ ఊళ్లో కాఫీ షాపుల పక్కనే ‘మెడ్ స్పా’లు ఉంటాయట. "ఆర్నెల్లు ఉండేది వచ్చిందే, ఇటొచ్చినప్పుడు చేయించుకో. మాటిమాటికీ పొడిపించుకునే బాధ ఉండదు" అంది అక్క. తను వెళ్లే చోట ఇంజెక్షన్ ఇచ్చేది నర్సట, కానీ శిక్షణ, లైసెన్సు చూసుకునే వెళ్తుంది. అక్కడా అందరూ చూసుకోరు. 2024లో చాలా రాష్ట్రాల్లో నకిలీ బోటాక్స్ తీసుకుని జనం ఆసుపత్రి పాలయ్యారు. చూపు మసకబారడం, మింగలేకపోవడం, ఊపిరి అందకపోవడం. ఎఫ్‌డీఏ, సీడీసీ రెండూ హెచ్చరికలు ఇచ్చాయి. నకిలీలన్నీ మన దగ్గరే అని మనల్ని మనం తిట్టుకోనక్కర్లేదు.

ఆర్నెల్లు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను.

మా గురువుగారి వార్షికోత్సవం డిసెంబర్‌లో జరుగుతుంది. ఏటా నేను భామాకలాపం నుంచి ఒక భాగం చేస్తాను. సత్యభామ అంటే గర్వం, అలక, కోపం, విరహం, అన్నీ ముఖంలోనే పలకాలి. నాట్యశాస్త్రం కనుబొమ్మలకే ఏడు రకాల కదలికలు చెప్పింది. పైకెత్తడం ఉత్క్షేపం, కిందికి దించడం పాతనం, ఇలా. కోపానికి చెప్పింది భ్రుకుటి. చిన్నప్పుడు గురువుగారు నాకు అద్దం ముందు గంటలకొద్దీ సాధన చేయించింది అదే. ఇప్పుడు నేను పోగొట్టుకోవాలనుకుంటున్న గీతలు ఎక్కడినుంచి వచ్చాయో నాకు ఆ క్షణంలో అర్థమైంది. సగం లెక్కల పుస్తకం, సగం సత్యభామ.

డాక్టర్ని మళ్లీ కలిసి ఇది చెప్పాను. ఆవిడ నవ్వలేదు, అందుకు ఆవిడకి దండం పెట్టాలి. కనుబొమ్మలు పైకెత్తే కండరం నుదుటిలో ఉంటుంది, దాన్ని ముట్టుకోను, అది మామూలుగానే పనిచేస్తుంది, పోయేది ముడివేసే కదలిక మాత్రమే అన్నారు. అంటే ఏడింటిలో నాకు పోయేది ముఖ్యంగా ఒకటి. కానీ సత్యభామ దగ్గర ఆ ఒకటి తీసేస్తే మిగిలేది నగలు, జడ.

ఇంకో భయం కూడా అడిగాను. మందు కొంచెం అటూఇటూ పాకితే పైరెప్ప వాలిపోవచ్చు. అందరికీ రాదు, వచ్చినా కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఆఫీసుకైతే కళ్లజోడు పెట్టుకుని నెట్టుకురావొచ్చు. స్టేజి మీద ఒక కన్ను సగం మూసుకుని సత్యభామ వేస్తే చూసేవాళ్లు కథ మార్చేస్తారు.

"పోనీ సగం డోసు తీసుకుంటావా? కొంత కదలిక మిగులుతుంది, కానీ తొందరగా తగ్గిపోవచ్చు" అన్నారు. ఈమధ్య దాన్ని ‘బేబీ బోటాక్స్’ అని అమ్ముతున్నారు. ఆలోచించాను. సగం కోపం ఎలా ఉంటుందో ఇంట్లో అద్దం ముందు ప్రయత్నించాను కూడా. కోపం కాదు, కడుపునొప్పిలా వచ్చింది.

చివరికి నేను ఎంచుకున్న పద్ధతి ఇది. అందరూ ‘ఎక్కువ కాలం ఉండేది ఏది’ అని అడుగుతారు. నేను సరిగ్గా దానికి రివర్స్ అడిగాను, తొందరగా పోయేది ఏది? మూడు నాలుగు నెలల్లో దిగిపోయే బోటాక్స్, మామూలు 20 యూనిట్లే, కానీ జనవరిలో. వేసవి వచ్చేసరికి పోవాలి, దసరాకి సాధన మొదలుపెట్టేసరికి నా భ్రుకుటి నాకు తిరిగి రావాలి. ఆర్నెల్లది ఫ్రీగా ఇచ్చినా వద్దు. మొదటిసారి తీసుకునేవాళ్లకి కూడా ఇదే నయం అని నా అభిప్రాయం. మన ముఖానికి అది ఎలా కుదురుతుందో తెలీకముందే ఎక్కువ కాలం ఉండేదానికి డబ్బులు కట్టడం, ఇల్లు చూడకుండా మూడేళ్ల అగ్రిమెంట్ మీద సంతకం పెట్టడం లాంటిది.

జనవరిలో ఒక గురువారం వెళ్లాను. సీసా నా ముందే తెరిచారు. లోపల ఏమీ లేనట్టే ఉంది, అడుగున సన్నటి పొర అంతే. దాన్ని సెలైన్‌తో కలిపారు. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందు ఇది. సీసా మీద పేరు, బ్యాచ్ నెంబర్, ఎక్స్‌పైరీ నేను ఫొటో తీసుకుంటానంటే, "అందరూ ఇలా అడిగితే నాకూ సుఖం" అన్నారు. ముక్కు మొదట్లో ఒకటి, అటు రెండు ఇటు రెండు, మొత్తం ఐదు పోట్లు. గండుచీమ కుట్టినంత. బొట్టు పెట్టుకునే చోట కాబట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగు గంటలు పడుకోవద్దు, రుద్దొద్దు, ఆ రోజు ప్రాక్టీస్ వద్దు అని పంపించేశారు. పది నిమిషాలు కూడా పట్టలేదు.

మూడు రోజులు ఏమీ లేదు. ఐదో రోజు పొద్దున పాలు పొంగిపోతుంటే పరుగెత్తాను, చిరాకు వచ్చింది, ముఖం మాత్రం రాలేదు. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు ఎత్తబోతే ఎలా ఉంటుందో అలాంటి వింత. నొప్పి కాదు, స్పర్శ పోలేదు, ఆర్డర్ వెళ్తోంది, పని జరగట్లేదు. రెండు వారాలకి పూర్తిగా నున్నగా అయింది. ఎడమవైపు పల్చటి గీత ఇంకా ఉంది. ఆవిడ ముందే చెప్పారు. వెలుతురు పక్కనుంచి పడితే నాకు కనిపిస్తుంది, ఇంకెవరికీ కనిపించదు.

సంక్రాంతి వెళ్లాక అమ్మ వచ్చింది. నా గడ్డం పట్టుకుని అటూఇటూ తిప్పి చూసి, "ముఖం తేటగానే ఉంది" అంది, ఒప్పుకోలేక ఒప్పుకుంటున్నట్టు. రెండు రోజుల తర్వాత, వంటింట్లో ఏదో మాటామాటా వచ్చి, "నీకు కోపం వచ్చిందో లేదో తెలిసి చావట్లేదే, ఎక్కడ ఆపాలో అర్థం కావట్లేదు" అంది. మా ఇద్దరి మధ్య ఇన్నాళ్లూ ఆ రెండు గీతలే ట్రాఫిక్ లైటని అప్పుడు తెలిసింది.

ఆఫీసులో ఎవరూ కనిపెట్టలేదు. "లీవ్ బాగా కలిసొచ్చినట్టుంది మేడమ్" అన్నాడు ఒకడు. కాల్స్‌లో కుర్రాళ్లు మధ్యలో ఆగడం మానేశారు, అది నాకు నచ్చింది. ఒకరోజు రిలీజ్ డేట్ వారం ముందుకి జరిపారు, టెస్టింగ్‌కి టైమ్ లేదని తెలిసి కూడా. లోపల మండిపోతున్నాను. చిన్న డబ్బాలో నా ముఖం మాత్రం పెళ్లి వీడియోలో బంధువులా ప్రశాంతంగా ఉంది. ఇదివరకైతే ఆ ముఖం చూసే ఎవరో ఒకరు, "ఏంటి మేడమ్?" అనేవాళ్లు. ఎవరూ అనలేదు. మ్యూట్ తీసి, నాకు దీనికి అభ్యంతరం ఉంది అని నోటితో చెప్పాల్సి వచ్చింది. గొంతు నాకే కొత్తగా అనిపించింది. డేట్ మారలేదు గానీ రెండు మాడ్యూళ్లు వెనక్కి జరిపారు.

మా టీమ్‌లో 24 ఏళ్ల అమ్మాయికి మాత్రం విషయం చెప్పాను. "అక్కా, నేనూ ఇప్పట్నుంచే ప్రివెంటివ్‌గా మొదలుపెట్టనా?" అంది. ఇన్‌స్టాలో అందరూ అంటున్నారట. కోపంగా చూడు, వదిలెయ్ అన్నాను. వదిలేస్తే ఏమీ లేదు, నున్నటి నుదురు. లేని గీతకి ఏడాదికి మూడుసార్లు 7,000 ఎందుకు తల్లీ, ఆ డబ్బుల్లో కొంచెంతో సన్‌స్క్రీన్ కొనుక్కో అన్నాను. ముప్పై దాటాక ఏం చేసుకుంటుందో తన ఇష్టం. నేను చేయించుకుని ఇంకొకరికి వద్దని చెప్పడం ఏం న్యాయం అంటారా? నా గీతని చూసి జీతం రాసేవాళ్లున్నారు, తనకి ఇంకా ఆ గీతే లేదు. అదీ తేడా.

ఫిబ్రవరిలో పిల్లలకి సత్యభామ అలక నేర్పాల్సి వచ్చింది. నడక చూపించాను, చెయ్యి చూపించాను, మెడ తిప్పాను. కోపం దగ్గరకొచ్చేసరికి కళ్లు పెద్దవయ్యాయి, పెదవి బిగిసింది, మధ్యలో మాత్రం తెల్లకాగితం. పిల్లలు నా వంకే చూస్తున్నారు. పన్నెండేళ్ల పిల్ల ఒకతి, ఎప్పుడూ వెనక వరసలో నిలబడేది, "మేడమ్, మీకు నిజంగా కోపం రాలేదు" అంది. రాలేదమ్మా, మరి నువ్వు తెప్పించి చూపించు అన్నాను. ముందుకొచ్చింది. ఒక్క క్షణం తల దించి, ఎత్తింది. ఆ చిన్న నుదుటి మీద ఎక్కడినుంచి వచ్చాయో రెండు గీతలు, నిటారుగా, పదునుగా. హాలంతా గమ్మున అయిపోయింది. మళ్లీ ముఖం వదిలేసి, పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. ఆ నెలంతా అందరికీ భ్రుకుటి నేర్పింది ఆ పిల్లే, నేను పక్కన తాళం వేశాను.

ఏప్రిల్ చివర్లో ఎడమ బొమ ముందు కదిలింది, కుడిది వారం ఆలస్యంగా వచ్చింది. మే నెలకి రెండూ పూర్తిగా వచ్చేశాయి. ఎడమ గీత మునుపటి కంటే కొంచెం పల్చగా ఉందనిపిస్తుంది, నా ఊహో నిజమో. క్లినిక్ నుంచి మెసేజ్ వచ్చింది, ‘మీ నెక్స్ట్ సెషన్‌కి టైమ్ అయింది’ అని. ప్రోగ్రామ్ డిసెంబర్ 20న ఉంది, జనవరిలో ఏ గురువారం ఖాళీ ఉందో చూసి చెప్పండి అని రిప్లై పెట్టాను.